చివరి పుటలోని చిరునామా

కథ ముగిసినచోటనే పుస్తకమును మూసివేయువారు కొందఱు. వెనుక అట్ట వఱకును పోయి, ముద్రించినవారి పేరును, వెలను, సంవత్సరమును గూడ చదివినగాని తృప్తి నొందనివారు మఱికొందఱు. నేను బాల్యమునుండియు ఈ రెండవ తెగకు చెందినవాడను. ఆ అలవాటు వలననే, 1982వ సంవత్సరమున, పదియేండ్ల ప్రాయమున, తెనాలికి నాలుగు మైళ్ల దూరముననున్న మా పల్లెలో, ఇంటి అరుగుమీద కూర్చుండి, ఒక రష్యను కథల పుస్తకము చివరి పుటలో ఒక చిరునామాను చూచితిని. ఈ పుస్తకమునందలి అనువాదమును గూర్చియు, బొమ్మలను గూర్చియు పాఠకులు తమ అభిప్రాయమును తెలిపినచో సంతోషింతుమని ప్రచురణకర్తలు అచట మర్యాదగా కోరియుండిరి. దాని క్రింద నుండెను: 17, జూబోవ్‌స్కీ బులివారు, మాస్కో. పెద్దవా రెవ్వరును అంతవఱకు నా అభిప్రాయమును అడిగియుండలేదు. తొలిసారి అడిగినది ఒక దేశము.

అమెరికాయు ఇంగ్లండును మాకు భూగోళశాస్త్రములోని పటములుగా మాత్రమే తెలియును. రష్యా మాత్రము విశాలాంధ్రవారి పుస్తకముల వాను ఎక్కి మా ఊరికి వచ్చినది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ వాను బడి యెదుట వేపచెట్టు నీడను ఆగెడిది. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులైన మా నాన్నగారు జీతపు రాళ్లలో కొంత మిగిల్చి, పెద్దల కొఱకు గోర్కీనో చెహోవునో, నా కొఱకు నక్కలును తోడేళ్లును తిరుగాడెడి కథలనో కొనెడివారు. దళసరి కాగితముమీద రంగుల బొమ్మలతో అచ్చైన ఆ పుస్తకములు మన యూళ్లలో అచ్చైనవానికన్న చౌకగా దొరకెడివి. ఆ చౌకకు వెనుకనున్న రాజ్యవ్యవహారము నాకు అప్పుడు తెలియదు; తెలిసిన పిమ్మట వానిమీది మమకారము తగ్గనును లేదు.

ఆ కథలలో ఎల్లవేళల మంచు కురియుచుండెడిది. నేనెఱిగిన మంచు, పెండ్లిండ్లకు తెనాలినుండి రంపపు పొట్టులో కప్పి, గోనెపట్టాలో చుట్టి తెచ్చెడి ఐసుగడ్డ యొక్కటియే. అది ఆకాశమునుండి గడ్డలు గడ్డలుగా పడినచో జనుల తలలు పగులవా యని తలచి, రష్యనులు అందఱును బొచ్చుటోపీలు పెట్టికొనుటకు అదియే కారణమని నిశ్చయించుకొంటిని. సమోవారు, కోపెక్కు, వెర్స్టు వంటి మాటలకు అర్థము తెలియకపోయినను వాని చప్పుడు బాగుండెను గనుక నాకు చిక్కు లేకపోయెను. చిక్కు తెచ్చినది అచ్చమైన తెలుగు మాటయే. ప్రతి రెండవ కథలోను ఒక తాతయో అవ్వయో “పొయ్యిమీద పడుకొని” యుండెడిది. ఒక కథలో సోమరిపోతు ఒకడు పొయ్యి దిగుటకే ఒప్పుకొనలేదు. మా వంటింటిలో మూడు రాళ్లపొయ్యి. దానిమీద అన్నపు తపేలయే ఒరిగి నిలుచును. మనుష్యుడు ఎట్లు పడుకొనును?

మా నాయనమ్మను అడిగితిని. ఆమె ఊదుగొట్టము ప్రక్కన బెట్టి, “పొయ్యిమీద పడుకునేది పిల్లి గానీ మనిషేమిట్రా, నీ పిచ్చి గానీ!” అని నవ్వెను. కూటికి గడవని యింటిని గూర్చి “వాళ్ల పొయ్యిలో పిల్లి లేవలేదు” అని చెప్పుకొనెడి ఊరు మాది. చల్లారిన పొయ్యిలోని వెచ్చని బూడిద పిల్లి సొత్తని ఆమెకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు.

అందుచేత మాస్కోకే వ్రాయుట మంచిదని తోచి, ఒక పోస్టుకార్డు తీసికొని, అనువాదము బాగున్నదని ఒక వాక్యమును, బొమ్మలు చాల బాగున్నవని ఒక వాక్యమును మర్యాదకు వ్రాసి, పిమ్మట అసలు సంగతి వ్రాసితిని: “అయ్యా, మీ దేశములో ముసలివాళ్లు పొయ్యిమీద ఎలా పడుకుంటారు? ఒళ్లు కాలదా?” నాన్నగారు దానిని నవ్వకుండ చదివి, “ఒరేయ్, ఈ కార్డు మన దేశం దాటదురా. విదేశాలకి వేరే బిళ్ళలు అంటించాలి. ఈసారి తెనాలి వెళ్లినప్పుడు పెద్ద పోస్టాఫీసులో కనుక్కుంటాలే” అనిరి. ఆయన తెనాలికి పలుమాఱులు పోయిరి. ఎరువులును, మందులును, మా అక్క పెండ్లి బట్టలును తెచ్చిరి. కార్డు పుస్తకములోనే యుండిపోయెను. 1991లో ఆ రాజ్యమే పటమునుండి తొలగిపోయెను. పుస్తకమును కార్డును చెదలపాలైనవి. నాన్నగారును, నాయనమ్మయు గతించిరి. ప్రశ్న మాత్రము నాలో మిగిలెను. దానితో బాటు, ఆ దేశమును ఒకసారియైనను కంటితో చూడవలెనను కోరికయు మిగిలెను. అది 2017 జూనులో, నా నలువదియైదవ యేట నెఱవేఱినది.

మాస్కోలో దిగిన మొదటిదినముననే, ఎఱ్ఱమైదానము వైపునకైనను పోక, జూబోవ్‌స్కీ బులివారునకు పయనమైతిని. 1935లో పదుమూడు స్టేషనులతో ఆరంభమైన భూగర్భ రైలుమార్గము ఈనాడు నగరము క్రింద మఱియొక నగరమై వ్యాపించియున్నది. చాల మార్గములలో నగరమధ్యమునకు పోవు బండ్లలో స్టేషనుల పేర్లను పురుషకంఠమును, మధ్యమునుండి బయటికి పోవు బండ్లలో స్త్రీకంఠమును చదువునట. పనికి పిలుచునది యజమానుడు, ఇంటికి పిలుచునది ఇల్లాలు అని జ్ఞాపకము పెట్టికొండని అచటివారు నాకు చెప్పిరి. నేను ఇల్లాలి కంఠమును వినుచు ‘పార్క్ కుల్తూరీ’ స్టేషనున దిగి, మెట్లెక్కి వీథిలోనికి వచ్చితిని.

బులివారనగా ఇరువైపుల చెట్లు గల రాచబాట యని నిఘంటువు చెప్పును. ఈ బులివారున చెట్లు లేవు. నగరమును చుట్టి వచ్చు ఉద్యానవలయ మార్గములో నిది యొక భాగము. 1930ల నాడు మోటారుబండ్లకొఱకు బాటను వెడల్పుచేయుచు చెట్లను కొట్టివేసిరి. పేరు మాత్రము పాతదే నిలిచినది. పదునేడవ నంబరు గల భవనమును చూచితిని. పెద్దది, గంభీరమైనది, లోనికి పోవువారును వచ్చువారును ఎవరి తొందరలో వారుండిరి. ద్వారముకడ నున్న కాపలాదారునితో, నేర్చికొని వచ్చిన నాలుగు రష్యను మాటలను కూడదీసికొని, పుస్తకములు, భారతదేశము, తెలుగు అని చెప్పితిని. అతడు ముప్పదియేండ్లలోపు యువకుడు. నేనేదో కార్యాలయమునకు దారి తప్పితినని యెంచి, దయతో తల యూచి, ఎదుటి స్టేషనును చూపించెను. ప్రపంచములోని బహుభాషలలోనికి కథలను పంపిన ఆ యింటిలో నాకు బదులు చెప్పువారు లేరు.

నాకు దుఃఖము కలుగవలసినది, కలుగలేదు. బాటకు ఆవలిప్రక్క నిలుచుండి ఆ కిటికీలను చూచుచుండగా, నేను వెదకుచున్నది రష్యనులను కాదనియు, తెలుగువారిననియు తోచెను. ఉప్పల లక్ష్మణరావుగారు ఈ నగరమున ఏండ్లతరబడి కాపురముండి, రష్యను కథలను ఒక్కొక్కటిగా తెలిగించిరి. కడపసీమనుండి వచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు ఇచట అనువాదకులుగా కొన్నియేండ్లు పనిచేసిరి. ఒక భాషనుండి మఱియొక భాషకు మాటను దాటించుటలోని యిబ్బందులపై ‘అనువాద సమస్యలు’ అను పుస్తకమునే వ్రాసిరి. బయట గడ్డకట్టించు చలి, లోపల బల్లదీపము, ఎదుట ఒక రష్యను వాక్యము. మంచు అను ఒక్క మాట తప్ప మఱియేమియు లేని భాషలో, మంచుకు గల పది రూపములను ఎట్లు చెప్పవలెనని తల పట్టికొని కూర్చున్న ఆ పెద్దలను నేను ఆ కిటికీల వెనుక ఊహించుకొంటిని. బాల్యమున నేను ప్రేమించిన రష్యా వోల్గాతీరమున పుట్టినది కాదు, ఆ బల్లలమీద తెలుగు మాటలతో కట్టబడినది. అసలు రష్యాకు దానిని గూర్చి తెలియదు; తెలియవలసిన పనియు లేదు. ఇక అసలు దేశమును చూచుటకు నాకు తీఱిక దొరకెను.

మూడవదినమున, మాస్కోకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న యాస్నయా పొల్యానాకు పోయితిని. తోవలో తగులు తులా నగరము సమోవారులకు ప్రసిద్ధి. పనికిమాలిన శ్రమను “తులాకు సొంత సమోవారుతో పోవుట” యని రష్యనులు ఎగతాళి చేయుదురు. తెల్లని బురుజుల జంట నడుమనుండి లోనికి పోగా, చెఱువు, ఆపిల్ తోటలు, ఇరువైపుల భూర్జవృక్షములు గల పొడుగాటి బాట కనబడును. 1828లో టాల్‌స్టాయి పుట్టిన పెద్దభవనము ఇప్పుడు లేదు. యౌవనమున ఆయన దానిని అమ్మివేయగా కొన్నవారు ఊడదీసి తరలించుకొనిపోయిరి. మిగిలిన ప్రక్కయింటిలోనే ఆయన కాపురముండెను. ఆయన ఏ నల్లతోలు సోఫామీద పుట్టెనో ఆ సోఫా ఆయన వ్రాతగదిలో నేటికిని గలదు. సుమారు 22,000 పుస్తకములును గలవు. గాంధీమహాత్ముడు 1909లో వ్రాసిన మొదటి లేఖకు ఆ వృద్ధుడు ప్రత్యుత్తరము వ్రాసినది ఈ యింటినుండియే. ప్రపంచపు నలుమూలలనుండి రాశులుగా వచ్చిపడు ఉత్తరముల నడుమ, పేరెఱుగని యొక భారతీయ న్యాయవాదికి బదులు వ్రాయుటకు ఆయనకు సమయము దొరికినది.

ఇంటినుండి అడవిలోనికి కొంతదూరము నడచినచో, ఒక లోయ అంచున, పచ్చికతో కప్పబడిన మట్టిదిబ్బ యొకటి కానవచ్చును. శిలువ లేదు, ఱాయి లేదు, పేరు లేదు. ప్రపంచమెఱిగిన ఆ మహారచయిత సమాధి అది. అచట మాటలాడరాదని నియమము. నియమము లేకున్నను మాట రాదు. ఆయన ఆ చోటునే ఏల కోరుకొనెనో చెప్పు కథ అందఱెఱిగినదే యైనను, అచట నిలిచి తలచికొన్నపుడు మఱొకలాగున నుండును. ఆయన అయిదేండ్ల బాలుడుగా నున్నపుడు, పదియేండ్ల అన్న నికొలాయి, మనుష్యులందఱును రోగములు లేక, కలహములు లేక, ఒకరినొకరు ప్రేమించుచు సుఖముగా నుండుటకు గల రహస్యమును ఒక పచ్చకఱ్ఱమీద వ్రాసి ఆ లోయ అంచున పాతిపెట్టితినని తమ్ములకు చెప్పెను. ఆటకు చెప్పిన మాట అది. డెబ్బదియేండ్లకు పైగా గడచినను, యుద్ధములను జూచి, మహాగ్రంథములను రచించి, కీర్తిని పొంది, దానితో విసిగి, 1910లో దారిలోని యొక చిన్న రైలుస్టేషనులో కన్నుమూసిన ఆ వృద్ధుడు, తన్ను ఆ పచ్చకఱ్ఱ పాతినచోటనే పాతవలెనని అంతకుముందే కోరియుండెను. చిన్ననాటి పిచ్చికోరిక నొకదానిని పట్టికొని ఇంతదూరము వచ్చితినేయని అప్పటికి రెండుదినములుగా నాలో నేనే సిగ్గుపడుచుండిన నాకు, ఆ దిబ్బయెదుట ఆ సిగ్గు పోయెను.

తిరిగివచ్చుచు ఆ భూర్జముల బాటలో ఆగి, తెల్లని చెట్టుబెరడుమీద చేయివేసి నిలువగా, బాట నూడ్చుచున్న యొక వృద్ధురాలు “బెర్యోజా” అని నాకు నేర్పెను. బెర్యోజా, భూర్జ. రెండుసార్లు నోటిలో త్రిప్పుకొంటిని. భాషాశాస్త్రజ్ఞులు ఈ రెండును ఒకే తల్లి మాటకు బిడ్డలని చెప్పుదురు. కుమారసంభవమున హిమవంతుని వర్ణించుచు, విద్యాధరసుందరులు ప్రేమలేఖలకు భూర్జపత్రములను వాడెదరని కాళిదాసు చెప్పినది కళాశాలలో చదివితిని గాని, భూర్జమనగా ఏ చెట్టో మా కృష్ణాడెల్టాలో ఎవ్వరును చూపలేకపోయిరి. నా బాల్యపు కథలనిండ నిలిచిన పరదేశపు తెల్లచెట్టును, నా పాఠములోని స్వదేశపు తెలియని చెట్టును ఒకటియే యని, ఒక చీపురుపట్టిన అవ్వ మూడక్షరములలో తేల్చివేసెను.

ఆ మఱునాటి రాత్రి మాస్కోనుండి నోవ్‌గొరొదునకు పోవు రైలెక్కితిని. పెట్టె చివర నీళ్లు కాగుచుండెడి పెద్దపాత్ర. పెట్టె బాధ్యతగల స్త్రీ, గాజుగ్లాసును చెక్కడపు లోహపు పట్టులో నిలిపి తెచ్చి యిచ్చు పాలులేని తేనీరు. అర్ధరాత్రి దాటినను ఉత్తరపు అంచున వెలుగు ఆఱలేదు. త్వేరు నగరముకడ వోల్గాను దాటునపుడు నేను మేలుకొనియే యుంటిని. అచట ఆ నది, పేరు విని ఊహించుకొన్నంతటి సముద్రము కాదు. మన కృష్ణకు చెల్లెలివలె నుండును. పదునైదవ శతాబ్దిలో ఈ ఊరి వర్తకుడు అఫనాసీ నికితిన్ మూడు సముద్రములను దాటి, అమ్ముకొనుటకు ఒక గుఱ్ఱమును వెంటబెట్టికొని మన దేశమునకు వచ్చెను. బహమనీ రాజధాని బీదరులో నివసించెను. శివరాత్రికి యాత్రికులతో గూడి ‘పర్వతము’ అను దేవస్థానమునకు పోయెను. అది మన శ్రీశైలమే యని పండితులు నిర్ణయించిరి. తిరుగుదారిలో స్మోలెన్‌స్కు దగ్గఱ మరణించెను గాని ఇల్లు చేరలేదు. అతని వ్రాతప్రతులు మాత్రము 1475లో మాస్కో చేరినవి. నేను రష్యాకు వచ్చుట వింతయని నా ఆఫీసులోని వారు నవ్విరి. శ్రీశైలపు మెట్లమీద చలిదేశపు మనుష్యుడు ఐదువందల యేండ్లకు పూర్వమే చెమట తుడిచికొనియున్నాడని వారికి చెప్పవలెనని, ఆ వెలుగు ఆఱని రాత్రి వంతెనమీద అనుకొంటిని.

నోవ్‌గొరొదు అనగా కొత్తనగరము. పేరు కొత్తదేగాని రష్యాలో అత్యంత ప్రాచీనమైన పట్టణములలో నది యొకటి. వోల్ఖవు నది యొడ్డున ఎఱ్ఱయిటుకల కోటయు, దాని నడుమ 1045లో ఆరంభించి 1050లో ముగించిన సోఫియా దేవాలయమును గలవు. వానిని జూడ వచ్చువారు పెక్కురు. నేను వచ్చినది చెట్టుబెరడును జూచుటకు. 1951 జూలై 26వ తేదీన ఇచటి త్రవ్వకములలో, చుట్టుకొనిపోయిన భూర్జపు బెరడుముక్క యొకటి దొరకెను, విప్పిచూడగా అక్షరములుండెను. నాటినుండి నేటివఱకు వేయికి మించి దొరకినవి. గాలి సోకని తడిమట్టి వానిని శతాబ్దములు కాపాడినది. సిరా లేదు, లోహపు గంటముతో గీచిన గీతలు. మన పూర్వులు తాటాకుమీద గంటముతో వ్రాసి మసి పూసెడివారు. వారు మసి పూయలేదు, అంతే భేదము. అవి పురాణములు కావు, శాసనములు కావు. అప్పు తీర్చుమనుటయు, గుఱ్ఱమును పంపుమనుటయు, నిన్ను పెండ్లాడెదననుటయు అందలి విషయములు. కాళిదాసు సుందరుల పత్రమునకును వీనికిని చుట్టఱికమున్నది.

వానిలో నన్ను నిలిపివేసినవి, పదుమూడవ శతాబ్దిలో ఓన్ఫీము అను బాలుడు గీచిన ముక్కలు. 1956లో దొరకినవి. ఆఱేడేండ్ల పిల్లవాడు, అక్షరములు దిద్దుచు దిద్దుచు విసిగి, మిగిలిన చోట శత్రువును పొడుచుచున్న గుఱ్ఱపురౌతును గీచి, ఆ రౌతు ప్రక్కన తన పేరు వ్రాసికొనెను. మఱియొక ముక్కపై వింతమృగము నొకదానిని గీచి, ఆ మృగము తానేయని వ్రాసెను; తన తోడివాడు దనీలోకు నమస్కారము తెలిపెను. చేతివ్రేళ్లు ఐదుండవలెనన్న పట్టుదల అతనికి లేదు; ఒకచోట మూడు, ఒకచోట ఎనిమిది. ఆ నమస్కారము దనీలోకు చేరినదో లేదో గాని, ఏడువందల యేండ్లు మట్టిలోనుండి నాకు చేరినది. మా నాన్నగారు తెనాలి పెద్ద పోస్టాఫీసులో కనుక్కొనుటకు చేసిన ఆలస్యము దానిముందు ఏపాటిది?

ఊరికి కొద్ది దూరమున, యూరియెవ్ మఠమునకు చేరువలో, వితోస్లవ్లిత్సీ అను తావున, ఉత్తరదేశపు పల్లెలనుండి పాత కొయ్యయిండ్లను, గుడులను విప్పి తెచ్చి మరల నిలిపియుంచిరి. దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన ఒక రైతుయింటిలోనికి తలవంచి పోయితిని. చీకటికి కన్ను అలవాటు పడునప్పటికి, గదిలో నాలుగవవంతును ఆక్రమించుకొని, గోడవలె, చిన్నమేడవలె, తెల్లగా సున్నము కొట్టిన యొక కట్టడము నాయెదుట నిలిచియుండెను. దాని ముందర నల్లని నోరు, నోటిలో కుండ. దాని నెత్తిన, ఇంటిచూరునకు మూరెడు రెండు మూరల దిగువను, నలుగురు సుఖముగా పడుకొనదగిన అరుగు. అరుగుమీద గొఱ్ఱెతోలు పఱచియుండెను.

అది పొయ్యి. ఉదయమున దాని కడుపులో కట్టెలు మండించుదురు; ఆ వేడిని మందమైన ఇటుకలు త్రాగి, రాత్రియంతయు కొంచెము కొంచెముగా విడుచును; వంట లోపలనే సాగును; పైభాగము కాలదు, వెచ్చగా మాత్రముండును. మాస్కోలో కూర్చున్న ఆ తెలుగు పెద్దమనుష్యుడు వ్రాసినదానిలో తప్పులేదు. రష్యనులు దేనిలో వండుకొందురో దానికి తెలుగులో పొయ్యి యనియే పేరు. మాట సరిగానే దాటివచ్చినది. మా మూడు రాళ్లమీద ఎక్కించికొనినవాడను నేను.

ఇంటికి కాపలాయున్న వృద్ధురాలు, తలగుడ్డ సవరించుకొనుచు, నేను అంతసేపు పొయ్యిని జూచుట గమనించి చేరవచ్చెను. నేను పైయరుగును జూపి, రెండుచేతులు చెంపక్రింద జేర్చి నిద్ర నభినయించి, పిమ్మట వ్రేలు కాలినట్లు విదిలించి, ముప్పదియైదేండ్ల నాటి నా ప్రశ్నను అడిగితిని. ఆమె ఘొల్లున నవ్వి, ఇటుకలను అఱచేత తట్టి, ఎవరెవరు పైన పడుకొందురో వ్రేళ్లమీద లెక్కపెట్టెను. “బాబుష్కా” అనెను, అవ్వయని నాకు తెలియును. “దేత్కీ” అనుచు చేతితో నేలకు మూరెడెత్తు చూపెను, పిల్లలని గ్రహించితిని. “కోష్కా” అనెను, తెలియక నిలిచితిని. అప్పుడామె కన్నులు చిట్లించి, “మ్యావ్” అనెను.

పొయ్యిమీద పడుకొనునది పిల్లియని మా నాయనమ్మ ఊదుగొట్టము ప్రక్కన బెట్టి చెప్పిన జవాబు, సగము సరియైనదే.